చేతిలో ఉన్నది పోతుందన్న భయం: అమెరికా ఆరోగ్య చట్టంపై ప్రజా ప్రతిఘటన ఎలా పుట్టింది, ఎటు తిరిగింది

అమెరికా కాంగ్రెస్‌కు ఆగస్టు నెల సెలవు. ఆ రోజుల్లో సభ్యులు సొంత నియోజకవర్గాలకు వెళ్లి, పాఠశాలల్లోనో కళాశాలల్లోనో ఓటర్లను కలుసుకొని, వారి ప్రశ్నలకు జవాబులు చెప్పడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. టౌన్‌హాల్ సమావేశాలుగా పిలిచే ఈ కార్యక్రమాలకు మామూలుగా వచ్చేవారు కొద్దిమందే, పత్రికలు పట్టించుకునేది అంతకన్నా తక్కువ. 2009 ఆగస్టులో మాత్రం ఈ సమావేశాలే దేశ రాజకీయాలకు కేంద్రమయ్యాయి. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో డెమోక్రాటిక్ సభ్యుడు లాయిడ్ డాగెట్‌ను చుట్టుముట్టిన జనం ‘వద్దని చెప్పు’ అంటూ ఆగకుండా నినాదాలు చేశారు. పెన్సిల్వేనియాలోని లెబనాన్ పట్టణంలో సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ సమావేశానికి హాలులో పట్టినవారికన్నా బయట నిలబడినవారే ఎక్కువయ్యారు. లోపలికి వెళ్లగలిగినవారు ఒకరి తరువాత ఒకరు లేచి, దశాబ్దాల అనుభవమున్న ఆ సెనేటర్‌ను ముఖం మీదే నిలదీశారు. అందరి కోపానికీ కారణం ఒక్కటే: అధ్యక్షుడు బరాక్ ఒబామా ప్రతిపాదించిన, తరువాత ‘ఒబామాకేర్’గా పేరుపడిన ఆరోగ్య బీమా సంస్కరణ.

ప్రభుత్వం వైద్యరంగంలో తన పాత్రను పెంచుకోబోతే, దాని వల్ల ప్రయోజనం పొందగల స్థితిలో ఉన్న సామాన్యులే ఎందుకు వీధిలోకి వచ్చి అడ్డుకున్నారన్నది అప్పటి నుంచీ చర్చలో ఉన్న ప్రశ్న. దీనికి రెండు తేలిక జవాబులు ప్రచారంలో ఉన్నాయి. వారంతా పెద్ద కంపెనీల డబ్బుతో కదిలిన బొమ్మలని ఒక పక్షం అంటుంది. ప్రభుత్వ పెత్తనాన్ని సహించలేని స్వేచ్ఛాభిమానులని మరో పక్షం అంటుంది. ఆ తరువాతి పదహారేళ్ల చరిత్రను ఒక వరుసలో పెట్టి చూస్తే ఈ రెండూ నిలబడవు. జనాన్ని బయటికి తెచ్చినది ప్రధానంగా తమ చేతిలో ఉన్నది పోతుందన్న భయం. 2009లో ఆ భయం చట్టానికి ఎదురు తిరిగింది, 2017లో అదే భయం ఆ చట్టానికి కాపలా కాసింది.

ముందుగా అమెరికా వైద్య వ్యవస్థ స్వరూపం తెలుసుకోవాలి. పనిచేసే వయసువారిలో ఎక్కువమందికి ఆరోగ్య బీమా ఉద్యోగం ద్వారానే వస్తుంది. 65 ఏళ్లు దాటినవారికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ పథకాలున్నాయి. ఈ రెండింటికీ 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో చట్టరూపం వచ్చింది. మెడికేర్ కింద డబ్బు చెల్లించేది ప్రభుత్వం, వైద్యం చేసేది చాలావరకు ప్రైవేటు ఆసుపత్రులు, ప్రైవేటు డాక్టర్లు. మన ఆరోగ్యశ్రీని ఎరిగిన పాఠకులకు ఈ అమరిక కొత్తేమీ కాదు, కాకపోతే అక్కడ అర్హతకు కొలమానం ఆదాయం కాక వయసు. ఉద్యోగ బీమాకూ ఈ రెండు పథకాలకూ మధ్య ఇరుక్కుపోయి ఏ రక్షణా లేనివారు 2008 నాటికి సుమారు 4.6 కోట్ల మంది. చిన్న దుకాణాల్లో పనిచేసేవారు, స్వయం ఉపాధి మీద బతికేవారు, పాత జబ్బు ఉన్నందున బీమా కంపెనీలు తిరస్కరించినవారు వీరిలో ఉన్నారు. ఒబామా ప్రణాళిక ప్రైవేటు బీమాను రద్దు చేయలేదు. కంపెనీలు జబ్బు సాకుతో ఎవరినీ కాదనకూడదని, ప్రతి ఒక్కరూ బీమా తీసుకోవాలని, కొనలేనివారికి ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వాలని, మెడికెయిడ్‌ను మరింతమంది పేదలకు విస్తరించాలని అది ప్రతిపాదించింది.

నిరసనకారుల సైన్యం ఈ ప్రణాళిక కోసమే పుట్టింది కాదు. 2008 ఆర్థిక సంక్షోభంలో బ్యాంకులను ప్రభుత్వం ఆదుకుంది. 2009 ఫిబ్రవరి 17న 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన చట్టం వచ్చింది. రెండు రోజుల తరువాత టీవీ వ్యాఖ్యాత రిక్ శాంటెల్లి, ఇంటి అప్పులు తీర్చలేనివారికి ప్రభుత్వం సాయపడటాన్ని తప్పుపడుతూ, షికాగో వాణిజ్య కేంద్రం నుంచి ప్రత్యక్ష ప్రసారంలో ‘టీ పార్టీ’కి పిలుపునిచ్చాడు (బ్రిటిష్ పన్నుకు నిరసనగా 1773లో బోస్టన్‌లో టీ పెట్టెలను సముద్రంలో పారేసిన ఘటన పేరు అది). ఇతరుల బాధ్యతారాహిత్యానికి మా డబ్బు ఎందుకన్నది ఆ పిలుపు సారాంశం. ఫిబ్రవరి 27న కొన్ని నగరాల్లోనూ, పన్ను పత్రాల గడువు తేదీ ఏప్రిల్ 15న వందలాది చోట్లా సభలు జరిగాయి. వేసవి వచ్చేసరికి ఈమెయిల్ జాబితాలు, స్థానిక నాయకులు, తరచూ కలుసుకునే అలవాటు సిద్ధంగా ఉన్నాయి. సరిగ్గా ఆ సమయంలో ఆరోగ్య బిల్లు రంగంలోకి వచ్చింది.

డబ్బు సంగతి దాచవలసినదేమీ కాదు. ప్రతినిధుల సభలో ఒకప్పుడు రిపబ్లికన్ మెజారిటీ నాయకుడిగా పనిచేసిన డిక్ ఆర్మీ అధ్యక్షతన ఉన్న ఫ్రీడమ్‌వర్క్స్, చమురు వ్యాపార కుబేరులు కోక్ సోదరుల అండ ఉన్న అమెరికన్స్ ఫర్ ప్రాస్పెరిటీ ఈ ఉద్యమానికి శిక్షణనూ ప్రచార సామగ్రినీ బస్సు యాత్రలనూ అందించాయి. 1984లో పుట్టిన ఒకే సంస్థ 2004లో చీలితే ఏర్పడినవే ఈ రెండూ. బిల్లుకు వ్యతిరేకంగా టీవీ ప్రకటనలు గుప్పించిన మరో సంస్థను నడిపిన రిక్ స్కాట్ గతంలో దేశంలోనే అతిపెద్ద ఆసుపత్రుల కంపెనీకి అధిపతి. ప్రభుత్వ పథకాలకు తప్పుడు బిల్లులు పెట్టిందన్న ఆరోపణలపై దర్యాప్తు సాగుతుండగా 1997లో ఆయన ఆ పదవి వదులుకున్నాడు, తరువాత ఆ కంపెనీ మొత్తం 170 కోట్ల డాలర్ల మేర చెల్లించి కేసులు పరిష్కరించుకుంది. సమావేశాల్లో ఎక్కడ కూర్చోవాలో, సభ్యుడి ప్రసంగం మొదలైన కాసేపటికే ఎలా సవాలు చేయాలో చెప్పే చిన్న సూచనపత్రం కనెక్టికట్‌లోని ఒక స్థానిక బృందం నుంచి బయలుదేరి దేశమంతా తిరిగింది. ఈ వివరాలన్నీ చూసిన డెమోక్రాటిక్ నాయకులు ఇది జనం నుంచి వచ్చినది కాదని, పైనుంచి అమర్చినదని తేల్చేశారు. స్పీకర్ నాన్సీ పెలోసీ, సభా నాయకుడు స్టెనీ హోయర్ ఒక పత్రికలో రాసిన వ్యాసంలో, ఎదుటివారి మాట వినబడకుండా చేయడం అమెరికన్ల పద్ధతి కాదని అన్నారు.

ఆ తీర్పు తప్పు, పైగా వారికే నష్టం చేసిన తప్పు. బస్సు ఎవరు పంపినా అందులో ఎక్కినవారు తమ ఇష్టంతోనే ఎక్కారు. హార్వర్డ్ పరిశోధకులు థీడా స్కోచ్‌పోల్, వెనెస్సా విలియమ్సన్ స్థానిక బృందాల సమావేశాలకు స్వయంగా వెళ్లి, సభ్యులతో మాట్లాడి, దేశంలో సుమారు వెయ్యి టీ పార్టీ బృందాలు ఉన్నట్టు అంచనా వేశారు. చాలా బృందాలను నడిపినవారు సొంత డబ్బు ఖర్చు పెట్టుకొన్న స్వచ్ఛంద కార్యకర్తలే. 2010 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్, సీబీఎస్ కలిసి జరిపిన సర్వేలో వయోజనుల్లో 18 శాతం తాము టీ పార్టీ మద్దతుదారులమని చెప్పారు. వారిలో ఎక్కువమంది శ్వేతజాతీయులు, పురుషులు, వివాహితులు, 45 ఏళ్లు పైబడినవారు. అంటే ఇప్పటికే మెడికేర్‌లో ఉన్నవారు, లేదా త్వరలో చేరబోయేవారు ఈ ఉద్యమంలో పెద్ద సంఖ్యలో ఉన్నారు.

ఉద్యమాన్ని అర్థం చేసుకోవడానికి తాళంచెవి ఇక్కడే ఉంది. దక్షిణ కరోలైనాలో రిపబ్లికన్ సభ్యుడు బాబ్ ఇంగ్లిస్ సమావేశంలో ఒక వృద్ధుడు లేచి, నా మెడికేర్ మీద ప్రభుత్వం చెయ్యి పడనివ్వకండి అన్నాడు. మెడికేర్ ప్రభుత్వానిదేనని ఇంగ్లిస్ నచ్చజెప్పబోతే ఆయన వినలేదు. ఈ ఉదంతం అప్పట్లో దేశమంతా నవ్వులపాలైంది. నవ్వినవారు ఆ పెద్దాయన మాటలోని తర్కాన్ని చూడలేదు. ఆయన దృష్టిలో మెడికేర్ దానం కాదు. జీవితమంతా జీతంలోంచి కోత పెట్టించుకొని కట్టిన సొమ్ముకు ప్రతిఫలం. స్కోచ్‌పోల్ బృందానికి కనబడినదీ ఇదే. ఉద్యమకారులు మెడికేర్‌నూ సామాజిక భద్రత పింఛనునూ గట్టిగా సమర్థించారు. వారి వ్యతిరేకత అంతా, పనిచేసి సంపాదించుకోలేదని తాము భావించినవారికి అందే సాయం మీద. ఎవరు అర్హులు, ఎవరు కారన్న ఆ విభజనలో జాతి, వలస, తరాల అంతరం గురించిన దురభిప్రాయాలు బలంగా కలిసి ఉన్నాయి, దాన్ని కప్పిపుచ్చడం నిజాయితీ కాదు. ఐనా ఆ విభజన ప్రభుత్వం వద్దనడం నుంచి పుట్టలేదు. ఉన్న వాటా పంచుకోవాల్సి వస్తుందేమోనన్న ఆందోళన నుంచి పుట్టింది.

ఆ ఆందోళనకు కొంత ఆధారమూ ఉంది. కొత్తగా కోట్లమందికి బీమా ఇవ్వడానికి అయ్యే ఖర్చులో గణనీయమైన భాగాన్ని మెడికేర్ చెల్లింపుల పెరుగుదలను తగ్గించడం ద్వారా రాబట్టాలని చట్టం రాసినవారు నిర్ణయించారు. పదేళ్లలో ఈ తగ్గింపు దాదాపు 50,000 కోట్ల డాలర్లని ప్రచారంలో వినబడేది. మెడికేర్‌ను ప్రైవేటు కంపెనీల ద్వారా అందించే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలకు ప్రభుత్వం మామూలు మెడికేర్ ఖర్చుకన్నా సగటున 14 శాతం ఎక్కువ చెల్లిస్తోందని కాంగ్రెస్‌కు సలహా ఇచ్చే మెడ్‌పాక్ కమిషన్ 2009లో లెక్కగట్టింది. ఆ అదనపు చెల్లింపును కోయడం విధానపరంగా సబబే. కానీ ఆ అదనపు సొమ్ముతో కళ్లజోళ్లు, పంటి వైద్యం వంటి చిన్న సౌకర్యాలు పొందుతున్న వృద్ధుడికి మాత్రం, తన పథకంలో కోసి ఎవరికో పెడుతున్నారనే తోస్తుంది. మీ ప్రాథమిక ప్రయోజనాలేవీ తగ్గవని చెప్పిన అధికారిక వివరణ నిజమే ఐనా, మైకులో అరిచిన ఒక్క వాక్యానికి అది సరితూగలేదు.

భయానికి ఆధారం ఉండటం ఒక విషయం, దాన్ని అబద్ధంతో పెంచడం మరొకటి. ప్రతినిధుల సభ బిల్లులోని 1233వ సెక్షన్, ప్రాణాంతక స్థితి వస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో రోగి ముందుగా డాక్టరుతో మాట్లాడుకొని నిర్ణయించుకుంటే, ఆ సంప్రదింపుకు మెడికేర్ ఫీజు చెల్లించాలని చెప్పింది. పూర్తిగా స్వచ్ఛందమైన ఏర్పాటు. 2008లో రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలిచిన సారా పేలిన్ ఆగస్టు 7న ఫేస్‌బుక్‌లో ‘మరణ మండలి’ అన్న మాట వాడారు. తన వృద్ధ తల్లిదండ్రులూ, డౌన్ సిండ్రోమ్ ఉన్న తన బిడ్డా బతకాలో వద్దో ప్రభుత్వ అధికారులు తేల్చే రోజు వస్తుందని రాశారు. ఆ సెక్షన్‌ను ఆధారం చేసుకొని ఆ మాట కొద్దిరోజుల్లో ప్రతి టౌన్‌హాల్‌కూ చేరింది. రాజకీయ ప్రకటనల నిజానిజాలను పరిశీలించే పొలిటీఫాక్ట్ సంస్థ దాన్ని 2009 సంవత్సరపు అతిపెద్ద అబద్ధంగా ప్రకటించింది, కానీ తుది చట్టంలో ఆ సెక్షన్‌కు చోటు దక్కలేదు. మెడికేర్ ఈ సంప్రదింపులకు ఫీజు ఇవ్వడం చివరికి 2016లో గాని మొదలుకాలేదు. ఆ ఆరేడేళ్లలో తమ కోరిక ఎవరికీ చెప్పకుండానే యంత్రాల మధ్య చివరి రోజులు గడిపినవారికి ఈ ఉద్యమం చేసిన హాని ఏ ఎన్నికల లెక్కలోకీ రాదు. 2009 నిరసనలను ప్రజాస్వామ్య చైతన్యంగా పొగిడేవారు ఈ అధ్యాయానికి జవాబు చెప్పవలసి ఉంది.

వైద్యరంగంలో ప్రభుత్వ ప్రవేశాన్ని అడ్డుకోవడానికి ఇల్లిల్లూ కదిలించడం అమెరికాలో పాత విద్యే. అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ ఆరోగ్య బీమా ప్రతిపాదించినప్పుడు, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1949లో క్యాలిఫోర్నియాకు చెందిన విటకర్, బాక్స్‌టర్ అనే భార్యాభర్తల ప్రచార సంస్థను ఏడాదికి లక్ష డాలర్లకు నియమించుకొంది. జబ్బుపడ్డ బిడ్డ పక్కన కూర్చొన్న డాక్టరు చిత్రాన్ని, రాజకీయాలను ఈ బొమ్మలోకి రానివ్వకండన్న వాక్యంతో అచ్చువేసి దేశవ్యాప్తంగా డాక్టర్ల గదుల్లో వేలాడదీశారు. 1961లో వృద్ధులకు ప్రభుత్వ బీమా ప్రతిపాదన వచ్చినప్పుడు ఎత్తుగడ మరింత ఇంటిదయింది. ‘ఆపరేషన్ కాఫీ కప్’ పేరుతో డాక్టర్ల భార్యల సంఘం సభ్యులు ఇరుగుపొరుగు స్త్రీలను కాఫీకి పిలిచి, అప్పటి నటుడు రోనాల్డ్ రీగన్ ప్రసంగమున్న గ్రామఫోన్ రికార్డు వినిపించి, ఆ తరువాత కాంగ్రెస్ సభ్యులకు సొంత మాటల్లో ఉత్తరాలు రాయించేవారు. ఉత్తరం ఎవరికి వారు సొంతంగా రాసినట్టు ఉండాలన్నదే ఆ పథకంలోని కిటుకు. నిజమైన భావాన్నీ సంఘటిత ప్రచారాన్నీ విడదీయలేనంతగా కలపడం అప్పుడే పూర్తిగా నేర్చుకున్నారు. ఆ రికార్డు హెచ్చరించిన మెడికేర్ నాలుగేళ్లకు చట్టమైంది. అధ్యక్షుడయ్యాక రీగన్ కూడా దాన్ని రద్దు చేయలేదు, పైగా 1988లో ఆయనే మెడికేర్‌ను విస్తరించే చట్టంపై సంతకం చేశాడు.

ఆ 1988 చట్టం కథ ఇక్కడ చెప్పి తీరాలి, ఎందుకంటే 2009ని ముందే చూపినది అదే. దీర్ఘకాలిక ఆసుపత్రి ఖర్చుల నుంచి వృద్ధులను కాపాడే ఆ విస్తరణకు అయ్యే ఖర్చును వృద్ధులే, ముఖ్యంగా వారిలో స్తోమత ఉన్నవారు, అదనపు పన్నుగా కట్టాలని రాశారు. వారిలో చాలామందికి అప్పటికే అటువంటి రక్షణ సొంతంగా ఉంది. 1989 ఆగస్టులో షికాగోలో వృద్ధులు, పన్నుల కమిటీ అధ్యక్షుడైన డెమోక్రాటిక్ సభ్యుడు డాన్ రోస్టెన్‌కోవ్‌స్కీ కారును అడ్డగించి, ఆయన కాలినడకన తప్పించుకొనేదాకా వదలలేదు. ఆ ఏడాది ముగియకముందే కాంగ్రెస్ తన చట్టాన్ని తానే చాలావరకు రద్దు చేసుకొంది. ఖర్చు ఇప్పుడు, ప్రయోజనం ఎప్పుడో, అదీ మరొకరికి అన్నట్టు కనబడే ఏ విస్తరణా జనం ముందు నిలవదని ఆనాడే తేలింది.

సరిహద్దుకు అవతల కెనడా అనుభవం దీనికి రెండో పక్షం చూపుతుంది. సస్కాచువాన్ రాష్ట్రంలో 1962 జూలై 1న సార్వత్రిక వైద్య బీమా అమల్లోకి రాగానే డాక్టర్లలో అత్యధికులు సమ్మెకు దిగారు. వారికి మద్దతుగా ‘మన డాక్టర్లను కాపాడుకుందాం’ కమిటీలు ఊరూరా వెలిశాయి. తమ ఊరి డాక్టరు వెళ్లిపోతాడేమోనన్న తల్లుల భయం వాటికి ఊపిరి. జూలై 11న రెజీనాలో శాసనసభ ముందు జరిగిన సభకు నిర్వాహకులు ఆశించిన దానిలో చిన్న భాగమే వచ్చారు, 23 రోజుల సమ్మె ఒప్పందంతో ముగిసింది. 1964లో ఆ ప్రభుత్వం ఎన్నికల్లో ఓడిపోయింది. గెలిచిన ప్రతిపక్షం మాత్రం బీమా పథకాన్ని రద్దు చేయలేదు. చట్టం వచ్చిన కొద్ది నెలల్లోనే బీమా చేతికి రావడం వల్ల, రెండేళ్లలోనే ఆ పథకం జనం సొంత ఆస్తిగా మారిపోయింది.

ఒబామా చట్టానికి ఆ వెసులుబాటు లేకపోయింది. 2010 మార్చి 21న ప్రతినిధుల సభలో 219-212 ఓట్లతో, ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా లేకుండా గట్టెక్కిన ఆ చట్టంపై మార్చి 23న సంతకం జరిగింది. పదేళ్ల ఖర్చు అంచనాను 90,000 కోట్ల డాలర్ల చుట్టుపక్కల ఉంచవలసిన ఒత్తిడిలో, సబ్సిడీలూ మెడికెయిడ్ విస్తరణా 2014 జనవరి దాకా వాయిదా పడ్డాయి. పిల్లలు 26 ఏళ్ల దాకా తల్లిదండ్రుల బీమాలో కొనసాగవచ్చన్నటువంటి కొన్ని మేళ్లు ముందే వచ్చినా, చట్టం అసలు లబ్ధిదారులు నాలుగేళ్లపాటు ఊహాజీవులుగానే మిగిలారు. 1965లో సంతకమైన మెడికేర్ పదకొండు నెలల్లో అమలైంది. ఆ చట్టాన్ని కంప్యూటర్లు ఇంకా అరుదైన కాలం అంత వేగంగా ఇంటింటికీ చేర్చగలిగితే, ఈ చట్టం నాలుగేళ్లు జాప్యమై రెండు ఎన్నికలను ఎదుర్కొంది. రాజకీయంగా ఇంతకన్నా ఖరీదైన పొదుపు ఉండబోదు.

ఆ వ్యవధిలో ఉద్యమం పూర్తి ఫలితం రాబట్టింది. చట్టం ఆమోదానికి ముందే, 2010 జనవరిలో, సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ మరణంతో ఖాళీ ఐన మసాచుసెట్స్ స్థానాన్ని రిపబ్లికన్ స్కాట్ బ్రౌన్ గెలుచుకోవడంతో, సెనేట్‌లో ప్రతిపక్షం అడ్డుకున్నా చర్చను ముగించి బిల్లును ఓటుకు తేగల 60 ఓట్ల బలం డెమోక్రాట్లకు పోయింది. నవంబరులో ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు 63 స్థానాలు పెంచుకున్నారు. ఉద్యమం సొంత పార్టీవారినీ వదల్లేదు, వృద్ధుడికి నచ్చజెప్పబోయిన బాబ్ ఇంగ్లిస్ ఆ ఏడాది పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే భారీ తేడాతో ఓడిపోయాడు. మిసోరీలో ఆగస్టు 3న, బీమా తప్పనిసరి నిబంధనను తిరస్కరించే ప్రతిపాదనకు 71 శాతం ఓటేశారు. ఇరవై ఆరు రాష్ట్రాలు చట్టంపై కోర్టుకెక్కాయి. 2012 జూన్ 28న సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో తప్పనిసరి నిబంధనను పన్నుగా భావించి నిలబెట్టింది, కానీ మెడికెయిడ్ విస్తరణను మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది.

ఆ రెండో భాగం ఉద్యమానికి కొత్త రంగస్థలం ఇచ్చింది. పోరాటం వాషింగ్టన్ నుంచి రాష్ట్ర రాజధానులకు మారింది, అక్కడ కొద్దివందల మంది ఎర్రచొక్కాలతో గ్యాలరీ నింపితే చాలు. టెనెసీలో రిపబ్లికన్ గవర్నరు బిల్ హాస్లమ్ సుమారు 2,80,000 మందికి బీమా ఇచ్చే విస్తరణ పథకాన్ని 2015లో తెచ్చాడు. ఖర్చులో సింహభాగం కేంద్రానిది, రాష్ట్ర వాటాను తామే భరిస్తామని ఆసుపత్రుల సంఘం ఒప్పుకొంది. ఐనా అమెరికన్స్ ఫర్ ప్రాస్పెరిటీ రేడియో ప్రకటనలు, కార్యకర్తల హడావిడి మధ్య ఫిబ్రవరిలో ఒక సెనేట్ కమిటీలోనే అది 7-4తో వీగిపోయింది. పోగొట్టుకునేవారెవరో స్పష్టంగా లేని చోట, పొందవలసినవారు కూలీలూ పేదలూ ఐన చోట, సంఘటిత ప్రచారం ఎంత సులువుగా గెలుస్తుందో టెనెసీ చూపింది. పైనుంచి నడిపించిన ఉద్యమమన్న విమర్శ 2009 టౌన్‌హాళ్లకన్నా ఈ దశకే బాగా వర్తిస్తుంది.

2013లో భయం మరోసారి నిజమైంది. మీ బీమా మీకు నచ్చితే దాన్నే ఉంచుకోవచ్చని ఒబామా పదేపదే ఇచ్చిన హామీ, కొత్త ప్రమాణాలకు తగని లక్షలాది పాలసీలు రద్దవుతున్నాయన్న నోటీసులతో కూలిపోయింది. నాలుగేళ్ల క్రితం పేలిన్ మాటకు ఇచ్చిన బిరుదునే పొలిటీఫాక్ట్ ఈసారి ఆ హామీకి ఇచ్చింది, అది న్యాయమే. అక్టోబరులో మొదలైన బీమా వెబ్‌సైట్ మొదటి వారాల్లో పనిచేయనే లేదు. చట్టానికి నిధులు ఆపాలంటూ అదే నెల 1 నుంచి 16 దాకా ప్రభుత్వాన్ని మూయించిన రిపబ్లికన్ల తొందరపాటు లేకపోతే, ఈ వైఫల్యం ఇంకా పెద్దగా కనబడేది.

2014 నుంచి మాత్రం చట్టం ఊహగా మిగలలేదు. 2010లో 16 శాతంగా ఉన్న బీమా లేనివారి వాటా 2016 నాటికి 9 శాతానికి తగ్గింది. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ మార్పు ప్రత్యేకంగా తెలుసు. పిల్లల దగ్గరికి గ్రీన్‌కార్డుపై వచ్చిన తల్లిదండ్రులు 65 దాటినా, అక్కడ పనిచేసి పన్ను కట్టినవారు కాకపోతే, మొదటి ఐదేళ్లు డబ్బు కట్టి కూడా మెడికేర్‌లో చేరలేరు. వయసూ పాత జబ్బులూ చూసి ప్రైవేటు కంపెనీలు దూరం పెట్టేవి. చట్టబద్ధంగా నివసించేవారందరూ ప్రభుత్వం ఏర్పరచిన బీమా సంతలో (మార్కెట్‌ప్లేస్) కొనవచ్చని, జబ్బు సాకు చెల్లదని ఈ చట్టం చెప్పడంతో, ఆ పెద్దవారికి మొదటిసారిగా అసలైన బీమా దొరికింది. చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్న అమ్మానాన్నలను ఏ ధైర్యంతో రప్పించాలన్న బెంగ ఎన్నో ఇళ్లలో దీనితోనే తగ్గింది.

2017లో డొనాల్డ్ ట్రంప్ ప్రభుత్వం చట్టం రద్దుకు సిద్ధమైనప్పుడు దృశ్యం తిరగబడింది. ఒకప్పుడు కాంగ్రెస్ సిబ్బందిగా పనిచేసిన ఎజ్రా లెవిన్, లియా గ్రీన్‌బర్గ్ తదితరులు 2016 డిసెంబరులో ‘ఇన్‌డివిజిబుల్’ పేరుతో ఒక చిన్న మార్గదర్శిని విడుదల చేశారు. టీ పార్టీ సిద్ధాంతం తప్పైనా దాని పద్ధతి పనిచేసిందని, స్థానికంగా కూడాలని, సొంత సభ్యుడి మీదనే దృష్టి పెట్టాలని, సమావేశానికి వెళ్లి నిలదీయాలని అది బాహాటంగానే చెప్పింది. ఫిబ్రవరిలో యూటా, ఆర్కన్సా వంటి గట్టి రిపబ్లికన్ రాష్ట్రాల్లోనూ టౌన్‌హాళ్లు నిండిపోయాయి. ఈసారి లేచి నిలబడినవారు క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, వికలాంగ పిల్లల తల్లులు, మెడికెయిడ్ మీద బతుకుతున్నవారు. జూన్ 22న సెనేట్ నాయకుడు మిచ్ మెక్‌కానెల్ కార్యాలయం ముందు బైఠాయించిన, వికలాంగుల హక్కుల కోసం పోరాడే అడాప్ట్ సంస్థ కార్యకర్తలను పోలీసులు చక్రాల కుర్చీల్లోంచి ఎత్తుకెళ్లిన దృశ్యాలు దేశమంతా చూసింది. జూలై 28 తెల్లవారుజామున రిపబ్లికన్ సెనేటర్లే ఐన జాన్ మెకెయిన్, సూసన్ కాలిన్స్, లీసా ముర్కౌస్కీ ఎదురు ఓటేయడంతో రద్దు బిల్లు 49-51తో వీగిపోయింది.

మిసోరీ ఈ మలుపును మరింత స్పష్టంగా చూపుతుంది. 2010 ఆగస్టులో చట్టాన్ని 71 శాతంతో ఛీకొట్టిన ఆ రాష్ట్రమే 2020 ఆగస్టులో మెడికెయిడ్ విస్తరణను 53 శాతంతో ఆమోదించింది. రెండు ఎన్నికల్లో ఓటేసిన జనం ఒకరే కారు, అడిగిన ప్రశ్నా ఒకటి కాదు, కాబట్టి మనసులన్నీ మారిపోయాయనడం అతిశయోక్తి అవుతుంది. ఐతే మెయిన్, ఐడహో, నెబ్రాస్కా, యూటా, ఓక్లహోమా, దక్షిణ డకోటా రాష్ట్రాల్లోనూ, శాసనసభలో లేదా గవర్నరు దగ్గర ఆగిపోయిన విస్తరణను ఓటర్లే సంతకాలు సేకరించి నెగ్గించుకున్నారు. వీటిలో ఎక్కువ రాష్ట్రాలు అధ్యక్ష ఎన్నికల్లో ట్రంప్‌ను గెలిపించినవే. ఇప్పుడు విస్తరణ లేని రాష్ట్రాలు పది, వాటిలో టెనెసీ ఒకటి.

అలాగని ప్రభుత్వ విస్తరణకు ప్రతిఘటన ముగిసిపోలేదు, పద్ధతి మారింది. 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం ఒబామా ఆరోగ్య చట్టాన్ని రద్దు చేయలేదు. విస్తరణ కింద మెడికెయిడ్ పొందే వయోజనుల్లో చాలామంది నెలకు 80 గంటలు పనిలోనో, చదువులోనో, సేవలోనో ఉన్నట్టు రుజువు చూపాలన్న నిబంధన అందులో ఉంది, అది సాధారణంగా 2027 జనవరి నుంచి, అంటే 2026 నవంబరు కాంగ్రెస్ ఎన్నికలు దాటాక, అమలవుతుంది. పత్రాలు సకాలంలో పెట్టలేక జాబితాలోంచి జారిపోయేవారు ఒక్కొక్కరుగా, వేర్వేరు నెలల్లో జారిపోతారు, ఒకేరోజు ఒకే హాలులో కూడే గుంపుగా కాదు. ఆ ఏడాది మార్చిలోనే ప్రతినిధుల సభ రిపబ్లికన్ల ఎన్నికల విభాగం అధ్యక్షుడు రిచర్డ్ హడ్సన్, ముఖాముఖి టౌన్‌హాల్ సమావేశాలు పెట్టవద్దని, ఫోన్ ద్వారానో ఆన్‌లైన్‌లోనో మాట్లాడితే మేలని తన సభ్యులకు సలహా ఇచ్చాడు. 2009లో టీ పార్టీ కార్యకర్తలు నిలదీసిన వేదిక, 2017లో వారి ప్రత్యర్థులు నిలదీసిన వేదిక, చాలా నియోజకవర్గాల్లో ఇప్పుడు ఎవరికీ అందుబాటులో లేదు.